బూస్ట్ పెంచే ముందు లెక్క తప్పిన గాలిని వెతకండి: 2005 సుబారు ఎస్‌టిఐలో కుదుపు, ఆగిపోయే ఐడ్లింగ్, పి0171 గురించి

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా పొరపాటుగా అర్థం చేసుకుంటే సరిచేయండి. మీరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. లక్షా పదివేల మైళ్ళు తిరిగిన 2005 సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టిఐని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పాత యజమాని అప్పటికే కంపెనీ ఎయిర్ బాక్స్ తీసేసి ఓపెన్ ఇన్‌టేక్ (పెట్టె లేని ఫిల్టర్, గొట్టం), పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం), గాలిని బయటికే వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ బిగించి ఉంచాడు. మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 4,000 ఆర్పీఎం దాటగానే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి పీడనం) చూపే ముల్లు 18 పీఎస్ఐకి ఎగబాకి, ఎవరో బ్రేకు వేసినట్టు కారు ఒక్కసారిగా కుదుపుతోంది. హైవే దిగి సిగ్నల్ దగ్గరికి వచ్చి కాలు తీస్తే ఇంజిన్ ఒక్కోసారి ఆగిపోతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పి0171 కోడ్ (గాలికి తగినంత పెట్రోలు పడటం లేదన్న గుర్తు) చూపుతోంది, అప్పుడప్పుడు ఆ లైటు మిణుకుమిణుకుమంటోంది. మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ వేసి బూస్ట్‌ను ఒక చోట నిలబెడితే ఈ గొడవ తీరుతుందని మిత్రులు చెప్పారు. ఆ తరువాత పెద్ద టర్బో వేసుకోవచ్చా అన్నది మీ రెండో ప్రశ్న.

మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ వేయవద్దు. పెద్ద టర్బో సంగతి ఇప్పుడు ఆలోచించవద్దు. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటోందంటే ఏదో ఒక సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగ్గా మండకపోవడం) తీవ్రంగా ఉందని అర్థం కాబట్టి, కారణం తేలేవరకు కారును బూస్ట్‌లోకి పోనివ్వకుండా, ముల్లు సున్నాకు దిగువనే ఉండేలా మెల్లగా నడపండి. మీరు చెప్పిన లక్షణాలు మూడూ మూడు వేరువేరు జబ్బులుగా కనిపిస్తున్నాయి గాని, నా అంచనాలో వాటి మూలం ఒక్కటే, పాత యజమాని మార్చిన భాగాలు. ఇంజిన్‌లోకి వెళ్తున్న గాలికీ, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లెక్కపెట్టిన గాలికీ పొంతన లేదు, పైగా ఇప్పుడున్న భాగాలకు తగిన ట్యూన్ (పెట్రోలు, బూస్ట్ లెక్కల పట్టికలు) ఈసీయూలో ఉందో లేదో మీకే తెలియదు.

ఈ కారు పెట్రోలును ఎలా కొలుస్తుందో తెలిస్తేనే మిగతాదంతా అర్థమవుతుంది. అమెరికాకు వచ్చిన ఈ తరం ఎస్‌టిఐలో 2.5 లీటర్ల ఈజే257 ఇంజిన్, ఐహెచ్ఐ వారి వీఎఫ్39 టర్బో ఉంటాయి. కంపెనీ చెప్పిన శక్తి 300 హార్స్ పవర్, గరిష్ఠ బూస్ట్ సుమారు 14.5 పీఎస్ఐ. ఇంజిన్‌కి ఎంత పెట్రోలు పోయాలన్నది ఈసీయూ బూస్ట్ ముల్లును చూసి నిర్ణయించదు. ఎయిర్ ఫిల్టర్ పక్కనే ఉన్న మాఫ్ సెన్సార్‌లోని వేడి తీగ మీదుగా సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోయిందో చూసి, దానికి సరిపడా పెట్రోలు కొలుస్తుంది. పెళ్ళి విందులో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతూ ఉంటే వంటవాడు ఆ లెక్కను బట్టే బియ్యం పోస్తాడనుకోండి. పెరటి దారిన జనం లోపలికి వస్తే అన్నం చాలదు, లెక్కలో పడినవారు పెరటి దారిన వెళ్ళిపోతే అన్నం మిగిలిపోతుంది. మాఫ్ సెన్సార్ తరువాత గొట్టంలో ఎక్కడ చిల్లి ఉందన్నదాన్ని బట్టి ఈ రెండింటిలో ఏదో ఒకటి జరుగుతుంది.

సెన్సార్‌కీ టర్బోకీ మధ్య ఉన్న గొట్టంలో ఎప్పుడూ పీల్పే ఉంటుంది. అక్కడ పగులుంటే లెక్కలోకి రాని గాలి లోపలికి వస్తుంది, గాలి, పెట్రోలు మిశ్రమం లీన్ (పెట్రోలు తక్కువ) అవుతుంది. టర్బోకీ థ్రాటిల్‌కీ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే తలుపుకీ) మధ్య, అంటే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చుట్టూ లీకు ఉంటే, బూస్ట్ వచ్చినప్పుడు లెక్కలో పడిన గాలి బయటికి పోతుంది, మిశ్రమం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తుంది, అడిగిన పీడనం తేవడానికి టర్బో మామూలు కంటే వేగంగా తిరగాల్సి వస్తుంది. మెల్లగా నడిపేటప్పుడు ఆ చోట పీడనం బయటి గాలితో దాదాపు సమానం కాబట్టి ఈ లీకు బయటపడదు. థ్రాటిల్ దాటాక సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో లీకు ఉంటే ఐడ్లింగ్‌లో (కాలు తీసి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) లీన్, బూస్ట్‌లో రిచ్ అవుతుంది. ఎప్పుడు లీన్, ఎప్పుడు రిచ్ అన్నది సరిగ్గా గమనిస్తే, హుడ్ ఎత్తకముందే చిల్లి ఏ భాగంలో ఉందో సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ లక్షణాలను దీనికి పోల్చి చూద్దాం. కాలు తీసినప్పుడు ఇంజిన్ ఆగిపోవడానికి నేను ముందుగా అనుమానించేది ఆ బ్లో ఆఫ్ వాల్వ్‌నే. కంపెనీ బిగించిన బైపాస్ వాల్వ్, థ్రాటిల్ మూసుకున్నప్పుడు పొంగిన గాలిని తిరిగి టర్బో ముందు గొట్టంలోకి పంపుతుంది, కాబట్టి లెక్క చెడదు. మీదేమో లెక్కలో పడిన గాలిని బయటికి ఊదేస్తోంది. ఆ క్షణంలో పెట్రోలు ఎక్కువై, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై, ఆర్పీఎం పడిపోయి ఆగుతుంది. దాని స్ప్రింగు బలహీనంగా ఉంటే ఐడ్లింగ్‌లో కూడా కాస్త తెరుచుకునే ఉండి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది, అప్పుడు పి0171 రావడంలో దాని వాటా కూడా ఉంటుంది. ఆ 'ఉష్' శబ్దం కుర్రవాళ్ళకు ఎంత ఇష్టమో నాకు తెలుసు, కానీ మాఫ్ సెన్సార్‌తో నడిచే కారులో ఆ శబ్దం వల్ల ఒక్క హార్స్ పవర్ కూడా పెరగదు. కంపెనీ వాల్వ్ సంపాదించి తిరిగి బిగించండి. అమెరికాలో పాత విడిభాగాలు అమ్మేవారి దగ్గర అది చవకగానే దొరుకుతుంది.

పి0171 అంటే మిశ్రమం ఓపిక నశించేంత లీన్‌గా ఉందని ఈసీయూ చేస్తున్న ఫిర్యాదు. దీనికి మొదటి ముద్దాయి ఓపెన్ ఇన్‌టేక్. సెన్సార్ ఉన్న గొట్టం వ్యాసం కంపెనీ గొట్టం కంటే పెద్దదైతే, అంతే గాలి వెళ్తున్నా సెన్సార్ దగ్గర దాని వేగం తగ్గుతుంది, సెన్సార్ తక్కువ చూపుతుంది, పెట్రోలు తక్కువ పడుతుంది. ట్యూన్‌లో మాఫ్ పట్టికను కొత్త గొట్టానికి తగ్గట్టు మార్చి ఉంటే ఇబ్బంది లేదు, మార్చారో లేదో మీకు తెలియదు గనుక ఇబ్బంది ఉన్నట్టే. కడిగి నూనె పూసే రకం ఫిల్టర్ అయితే, నూనె ఎక్కువైనప్పుడు ఆవిరి తీగకు పట్టి లెక్కను మరింత పాడుచేస్తుంది. మాఫ్ కోసమే అమ్మే స్ప్రేతో సెన్సార్‌ను కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. బ్రేక్ క్లీనర్ కొట్టవద్దు, గుడ్డతో తుడవనేవద్దు, ఆ తీగ అంత సున్నితమైనది.

రెండో ముద్దాయి టర్బో ఇన్‌లెట్ గొట్టం. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందుగా, చేయి పట్టనంత ఇరుకులో వెళ్ళే రబ్బరు గొట్టం. ఇరవయ్యేళ్ళ పాటు ఇంజిన్ వేడి, క్రాంక్‌కేసు నుంచి వచ్చే నూనె ఆవిరి తగిలి ఆ రబ్బరు గట్టిపడుతుంది, మడతల దగ్గర, ముఖ్యంగా కిందివైపు, పగులుతుంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతూ ఉంటుంది. పళ్ళ డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం, టార్చి లైటు పెట్టుకుని కిందివైపు చూడాలి, లేదా వేళ్ళతో మడతలను విప్పుతూ తడిమి చూడాలి. మార్చాల్సి వస్తే మానిఫోల్డ్ ఎత్తకుండా మార్చే కిటుకులు చాలామంది చెబుతారు గాని, మొదటిసారి చేసేవారు మానిఫోల్డ్ తీసి చేయడమే మేలు. కొత్త గాస్కెట్ల ఖర్చు, కొత్త గొట్టాన్ని తోసి తోసి చించుకునే ఖర్చు కంటే తక్కువ.

లీకు పరీక్ష గురించి కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే ఇంట్లో చేసుకోగలిగిన పనులన్నిటిలో దీనికి దక్కే ఫలితం ఎక్కువ, చాలామంది తప్పుగా చేసేది కూడా ఇదే. హోమ్ డిపోలో ఇన్‌టేక్ గొట్టానికి సరిపోయే పీవీసీ మూత కొని, దానికి రంధ్రం చేసి, ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించండి. మాఫ్ సెన్సార్ తీసిన చోట గొట్టానికి ఈ మూత పెట్టి క్లాంపు బిగించి, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో మెల్లగా గాలి నింపండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇన్‌లెట్ గొట్టానికి క్రాంక్‌కేసు బ్రీదర్ గొట్టాలు కలిసి ఉంటాయి కాబట్టి మీరు నింపే గాలి ఇంజిన్ అడుగు భాగంలోకి కూడా పోతుంది. 15 పీఎస్ఐ పెట్టేస్తే క్రాంక్ సీలు బయటికి పొడుచుకుని వస్తుంది, లీకు వెతకబోయి కొత్త లీకు తెచ్చుకుంటారు. ఆ బ్రీదర్ గొట్టాలను ఇన్‌లెట్ దగ్గర ఊడదీసి, ఇన్‌లెట్ వైపున్న రంధ్రాలకు రబ్బరు మూతలు పెట్టాకే పీడనం పెంచండి. అలా మూయడం వీలుకాకపోతే 5 పీఎస్ఐ దాటవద్దు. ఇంకొక మాట, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో వాల్వ్ తెరిచి ఉండి సైలెన్సర్ నుంచి గాలి శబ్దం వస్తుంది. అది లీకు కాదు. క్రాంక్‌ను పానాతో కాస్త తిప్పితే తగ్గుతుంది.

గాలి నింపాక సబ్బు నీళ్ళు చిమ్మాల్సిన చోట్లు ఇవి: టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే చిన్న గొట్టం రెండు చివరలు, బైపాస్ వాల్వ్ కింది గాస్కెట్, ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కి దిగే రబ్బరు మోచేయి, మానిఫోల్డ్‌కి తగిలించిన ప్రతి సన్నని వాక్యూమ్ గొట్టం. పెద్ద లీకు వెంటనే బుసకొడుతుంది, దానికి సబ్బు నీళ్ళు కూడా అక్కర్లేదు. చిన్నదానికి ఓపిక కావాలి. క్లాంపు అంచున ముందు తడి మాత్రమే కనిపిస్తుంది, కొన్ని క్షణాల తరువాత ఆవగింజల్లాంటి బుడగలు వరుసగా పుట్టి, ఒకదానికొకటి అతుక్కుని తెల్లటి నురుగుగా పేరుకుంటాయి. థ్రాటిల్ మోచేయి దగ్గర ఈ నురుగు కిందివైపే వస్తుంది, పైనుంచి కనిపించదు, అక్కడ కూడా అద్దం వాడాలి. చాలాసార్లు గొట్టం బాగానే ఉంటుంది, ఇంటర్‌కూలర్ తీసి పెట్టినప్పుడు క్లాంపు అంచు మీద కాకుండా మెడ మీద బిగించి ఉంటారు.

ఇక 4,000 ఆర్పీఎం దగ్గర కుదుపు. మీ వర్ణనను బట్టి అది ఇంజిన్ బలహీనత కాదు, ఫ్యూయల్ కట్. మానిఫోల్డ్ పీడనం తనకు రాసి ఉంచిన హద్దు దాటినప్పుడు ఇంజిన్‌ను కాపాడుకోవడానికి ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది. అది జబ్బు కాదు, కాపలా. ఆ పీడనపు సంకేతాన్ని మోసం చేసి ఫ్యూయల్ కట్ రాకుండా చేసే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. వాటి జోలికి పోకండి. 14.5 దగ్గర ఉండాల్సిన బూస్ట్ 18 ఎందుకు అవుతోందన్నదే అసలు ప్రశ్న.

ముందు మూడు పేర్లు: టర్బోకి పోయే పొగను పక్కకు మళ్ళించి బూస్ట్‌ను అదుపులో ఉంచే తలుపు వేస్ట్‌గేట్, దాన్ని తెరిచే స్ప్రింగు డబ్బా యాక్చుయేటర్, ఆ డబ్బాకి పోయే గాలిని ఈసీయూ చెప్పినంత (ఈ మోతాదే వేస్ట్‌గేట్ డ్యూటీ) వదిలేసే విద్యుత్ వాల్వ్ సొలినాయిడ్. బూస్ట్ పెరగడానికి రెండు రకాల కారణాలు ఉంటాయి. ఒకటి నియంత్రణ లోపం: వేస్ట్‌గేట్ యాక్చుయేటర్‌కి వెళ్ళే గొట్టం ఊడిపోవడం లేదా పగలడం, యాక్చుయేటర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరగడం, సొలినాయిడ్ ఇరుక్కుపోవడం, లేదా ట్యూన్‌లో వేస్ట్‌గేట్ డ్యూటీ పాత డౌన్‌పైప్‌కి తగ్గట్టే ఉండిపోవడం. రెండోది బూస్ట్ క్రీప్: క్యాట్ లేని డౌన్‌పైప్‌లో అడ్డు తక్కువ కాబట్టి ఎగ్జాస్ట్ జోరు పెరిగి, వేస్ట్‌గేట్ రంధ్రం పూర్తిగా తెరుచుకున్నా ఆ జోరును పక్కకు మళ్ళించలేకపోవడం. ఈ రెండింటినీ విడదీయడం సులువు. కంప్రెసర్ నుంచి వచ్చే పీడనపు గొట్టాన్ని సొలినాయిడ్‌తో పని లేకుండా నేరుగా యాక్చుయేటర్‌కి కలపండి. ఇప్పుడు బూస్ట్ యాక్చుయేటర్ స్ప్రింగు బలం దగ్గరే, అంటే మామూలు కంటే చాలా తక్కువ దగ్గర నిలబడాలి. అలా నిలబడితే తప్పు సొలినాయిడ్, దాని గొట్టాలు, ట్యూన్, ఈ మూడింటిలో ఎక్కడో ఉంది. నిలబడకుండా ఆర్పీఎంతోపాటు పైకి పాకుతూ పోతే అది క్రీప్, లేదా వేస్ట్‌గేట్ తలుపు సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఈ పరీక్షను మిస్‌ఫైర్ సంగతి తేలాకే చేయండి, చేసేటప్పుడు యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కకుండా కొంచెం కొంచెంగా పెంచండి, ముల్లు మామూలు దాటబోతే వెంటనే కాలు తీయండి. యాక్చుయేటర్ విషయానికొస్తే చేతి పంపుతో గాలి పెట్టి కడ్డీ కదులుతోందా, ఆ పీడనం కాసేపు నిలబడుతోందా అన్నది ముందే చూసుకోవచ్చు.

కంపెనీ అమరికలో సులభంగా పోగొట్టుకునే ముక్క ఒకటి ఉంది. కంప్రెసర్ నుంచి సొలినాయిడ్ వైపు వచ్చే గొట్టం లోపల, బయటికి కనిపించకుండా, సన్నని రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి బిళ్ళలాంటిది ఉంటుంది. సొలినాయిడ్ వదిలేసే గాలికి సరిపోయేంత గాలినే అది రానిస్తుంది. అందంగా ఉంటాయని రంగురంగుల సిలికాన్ గొట్టాలు వేసేవారు పాత గొట్టంతోపాటు ఆ బిళ్ళను కూడా చెత్తబుట్టలో వేస్తారు, ఆ తరువాత బూస్ట్ రావడం లేదని వాపోతారు. మీకు బూస్ట్ ఎక్కువవుతోంది కాబట్టి మీ కారులో ఆ బిళ్ళ బహుశా ఉంది, లేదా గొట్టాలు వరుస తప్పి ఉన్నాయి. రెండు చివరలా నొక్కి చూసి నిర్ధారించుకోండి.

మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. సుబారు ఈసీయూ నాక్ సెన్సార్ ద్వారా ఇంజిన్‌లో నాక్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తోందేమోనని నిరంతరం వింటూ ఉంటుంది. నాక్ వస్తే ముందు ఇగ్నిషన్ టైమింగ్ తగ్గిస్తుంది, అంటే నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది. పదేపదే వస్తే ఐఏఎం అనే గుణకాన్ని 1.00 నుంచి కిందికి దించుతుంది, అది ఒక స్థాయి కంటే దిగితే వేస్ట్‌గేట్ సొలినాయిడ్‌ను ఆపేసి బూస్ట్‌ను స్ప్రింగు బలానికి దిగజారుస్తుంది. నాసిరకం పెట్రోలు పోసినప్పుడు, టెక్సస్ ఆగస్టు ఎండలో ఇంటర్‌కూలర్ కాగిపోయినప్పుడు మీ పిస్టన్లను కాపాడేది ఈ ఏర్పాటే. స్ప్రింగు, గోళీ తప్ప మరేమీ లేని మాన్యువల్ కంట్రోలర్ ఆ తాళం చెవిని ఈసీయూ చేతిలోంచి లాగేసుకుంటుంది. టైమింగ్ తగ్గించడం ఒక్కటే దానికి మిగులుతుంది. రేస్ ట్రాక్ మీద ప్రతి పరుగుకీ లాగ్ (ఈసీయూ అంకెల రికార్డు) చూసుకునేవారి సంగతి వేరు. రోజూ ఆఫీసుకు నడిపే కారుకు అది తగదు.

కాబట్టి మీరు డబ్బు పెట్టాల్సింది కంట్రోలర్ మీద కాదు, లాగింగ్ కేబుల్ మీద. ట్యాక్ట్రిక్స్ ఓపెన్‌పోర్ట్ కేబుల్, ఉచితంగా దొరికే రోమ్‌రైడర్ సాఫ్ట్‌వేర్, పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు. కాబ్ యాక్సెస్‌పోర్ట్ (లాగింగ్, ట్యూనింగ్ రెండూ చేసే చిన్న పరికరం) ఉంటే ఇంకా సుఖం. కింద చెప్పే విలువలు చూసి రాసుకునేవరకు, కోడ్ చెరపడానికో, మరెందుకో బ్యాటరీ తీగ ఊడదీయకండి, ఈసీయూ ఇన్నాళ్ళూ నేర్చుకున్న సవరణలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, అసలు సాక్ష్యం అవే. మొదట ఐఏఎం ఎంత ఉందో చూడండి. 1.00 కంటే తక్కువైతే ఈ కారు ఇంతకుముందే చాలా నాక్ చూసిందన్నమాట. తరువాత ఎయిర్ ఫ్యూయల్ లెర్నింగ్ విలువలు, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచిందో (ప్లస్), తగ్గించిందో (మైనస్) చూడండి. అవి గాలి పరిమాణాన్ని బట్టి నాలుగు అంతస్తులుగా ఉంటాయి. 5 శాతం లోపు అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు, 10 దాటితే కారణం వెతకాలి. ఐడ్లింగ్ అంతస్తులో మాత్రమే ప్లస్ ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గుతుంటే అది లీకు గుర్తు. అన్ని అంతస్తుల్లోనూ దాదాపు ఒకే మోతాదులో ప్లస్ ఉంటే మాఫ్ లెక్కే తప్పు, అంటే ఇన్‌టేక్ గొట్టం మీద అనుమానం. పై అంతస్తులో నేర్చుకున్న సవరణ పూర్తి థ్రాటిల్‌కి కూడా వర్తిస్తుంది కాబట్టి, మెల్లగా నడిపేటప్పుడు కనిపించే తప్పు బూస్ట్‌లోకి కూడా పాకుతుంది.

నాక్ సవరణల్లో (టైమింగ్ ఎన్ని డిగ్రీలు తగ్గించిందో చూపే అంకెల్లో) ఒక్కోసారి మైనస్ 1.4 కనిపిస్తే కంగారుపడకండి, గేరు మార్చినప్పుడు వచ్చే చప్పుడుకు కూడా ఆ సెన్సార్ ఉలిక్కిపడుతుంది. ఒకే ఆర్పీఎం దగ్గర, ఒకే లోడ్ దగ్గర ప్రతిసారీ మైనస్ 2.8 లేక అంతకు మించి కనిపిస్తే అది నిజమైన నాక్ అనే భావించండి. మీ డౌన్‌పైప్ కంపెనీది కాదు గనుక అది చట్రానికో, హీట్ షీల్డ్‌కో తగిలి గలగలలాడి దొంగ నాక్ పుట్టించే అవకాశం ఉంది. కింద పడుకుని ఒకసారి చేత్తో ఊపి చూడండి. పూర్తి థ్రాటిల్‌లో మిశ్రమం ఎలా ఉందన్నదానికి మాత్రం కంపెనీ బిగించిన ముందువైపు ఆక్సిజన్ సెన్సార్ (పొగను చూసి మిశ్రమం కొలిచేది) మాట నమ్మవద్దు. అది టర్బోకి ముందు, తీవ్రమైన వేడిలో ఉంటుంది, పైగా 11.1 (ఒక పాలు పెట్రోలుకు గాలి పాళ్ళు) కంటే రిచ్ చూపలేదు. డౌన్‌పైప్‌లో విడిగా ఎక్కువ పరిధి కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ బిగించుకుంటే తప్ప బూస్ట్‌లో మిశ్రమం గురించి ఎవరు ఏం చెప్పినా అది ఊహే.

మిస్‌ఫైర్ సంగతి తేల్చడం సులువు. నాలుగు ప్లగ్గులూ తీసి వరుసగా పేర్చి చూడండి. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే ఈ బాక్సర్ ఇంజిన్‌లో ప్లగ్గులు చట్రం గోడలకు ఎదురుగా ఉంటాయి కాబట్టి ఒకవైపు బ్యాటరీ, మరోవైపు ఎయిర్ బాక్స్ తీయక తప్పదు. గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకంటే ఎక్కువైతే బూస్ట్ పీడనంలో నిప్పురవ్వ ఆరిపోయి మిస్ కొడుతుంది. కోడ్ పి0304 లాంటిదైతే నాలుగో సిలిండర్ కాయిల్‌ను రెండోదానితో మార్చి చూడండి. కోడ్ కాయిల్‌తోపాటు పి0302కి మారితే కాయిల్ పోయింది. మారకుండా అక్కడే ఉంటే విషయం మరింత లోతుగా ఉంది.

ఆ లోతు గురించి మీరు ఇప్పుడే తెలుసుకోవాలి. ఈజే257 పిస్టన్లు పోతపోసినవి. లీన్ మిశ్రమంలో నాక్ వస్తే వాటి రింగుల మధ్య గట్టు, అంటే రింగ్‌ల్యాండ్, విరుగుతుంది. ముందుగా విరిగేది ఎక్కువగా నాలుగో సిలిండర్‌లో, డ్రైవరు వైపు వెనక. ట్యూన్ లేకుండా ఇన్‌టేక్, డౌన్‌పైప్‌తో ఎన్నాళ్ళు నడిచిందో తెలియని కారును ట్యూనర్ దగ్గరికి తీసుకెళ్ళే ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ ఎంత పీడనం తెస్తుందో), లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లో నింపిన గాలి ఎంత, ఎటు పోతుందో) రెండూ చేయించండి. కంప్రెషన్ ఒక్కటే చాలదు, రింగ్‌ల్యాండ్ పగిలిన సిలిండర్ కూడా కొన్నిసార్లు గౌరవప్రదమైన అంకె చూపిస్తుంది. లీక్‌డౌన్‌లో గాలి ఎక్కడ వినిపిస్తోందన్నది అంకె కంటే ముఖ్యం. నూనె పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్. ఒక సిలిండర్ మిగతా వాటికంటే స్పష్టంగా వెనకబడి, 20 శాతం దాటి లీకు చూపితే ట్యూన్, టర్బో మాటలన్నీ కట్టిపెట్టి ఇంజిన్ మాట మాట్లాడుకోవాలి.

నూనె విషయంలో ఈ ఇంజిన్‌ను నమ్మడానికి వీల్లేదు. రెండుసార్లు ట్యాంకు నింపేలోగా ఒకసారైనా డిప్‌స్టిక్ చూడండి. స్థాయి పడిపోయి ఉండగా పొడవైన మలుపులో జోరుగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌లకు నూనె అందదు. టర్బోకి నూనె తీసుకెళ్ళే గొట్టం ఇంజిన్ హెడ్‌కి కలిసే చోట, తన లోపలి నుంచే నూనె పారే బ్యాంజో బోల్ట్‌లో చిన్న జల్లెడ ఉంటుంది. నూనె మార్పులు వాయిదా వేసిన కార్లలో అది మడ్డితో పూడిపోయి టర్బోను ఎండగడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి అది తీసి చూడటం మంచిది. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ టర్బో పోయిందంటే పాత మేస్త్రీలు ముందు నూనె దారి చూసి గాని కొత్త టర్బో బిగించరు. జపాన్ కారుకైనా అదే వరస.

ఇవన్నీ తేలాక, మీ చేతిలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్, లీకు లేని గొట్టాలు, కంపెనీ ఎయిర్ బాక్స్, కంపెనీ బైపాస్ వాల్వ్ ఉంటాయి. అప్పుడు డౌన్‌పైప్ గురించి నిర్ణయించుకోవాలి. క్యాట్ తీసేయడం అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. పైగా డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష ఇప్పటికీ తప్పదు, కంప్యూటర్‌లో మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) సిద్ధంగా లేకపోతే అందులో గట్టెక్కరు. కంపెనీ డౌన్‌పైప్ తిరిగి బిగిస్తే క్రీప్ సమస్య కూడా దానంతట అదే పోవచ్చు, పాత ట్యూన్ ఏదైనా ఉంటే కంపెనీ ట్యూన్ తిరిగి ఎక్కించి హాయిగా నడుపుకోవచ్చు. నిజాయితీగా చెప్పాలంటే, మీ స్థానంలో నేనుంటే కనీసం ఒక ఏడాది అలాగే నడుపుతాను. 300 హార్స్ పవర్, ఆరు గేర్లు, నాలుగు చక్రాలకూ శక్తి ఉన్న కారు కంపెనీ స్థితిలోనే చాలా మంది చేతికి మించినది.

పెద్ద టర్బో వేయాలంటే ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, క్లచ్, డైనో (కారును ఉన్నచోటే నడిపి శక్తి కొలిచే యంత్రం) మీద ట్యూన్ అన్నీ కలిపి ఒకే ఖర్చుగా లెక్కపెట్టుకోవాలి. అందులో సగం ఇప్పుడు చేసి సగం తరువాత చేద్దామనుకున్న కార్లే ఇంజిన్ లేకుండా అమ్మకానికి వస్తుంటాయి.

ఇంట్లో చేయదగ్గవి లీకు పరీక్ష, ప్లగ్గులు, కాయిల్ మార్పిడి, వాల్వ్, ఎయిర్ బాక్స్, లాగింగ్. కారు కిందికి దూరే పని ఏదైనా జాకీ మీద కాకుండా జాకీ స్టాండ్ల మీద నిలబెట్టి చేయండి. డౌన్‌పైప్ నట్లకు ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి, బలవంతంగా తిప్పితే టర్బో స్టడ్ విరిగి రెండు గంటల పని రెండు వారాలు సాగుతుంది. లీక్‌డౌన్‌కి, ట్యూన్‌కి మాత్రం సుబారుల మీద అనుభవం ఉన్న షాపుకు వెళ్ళండి.

కంపెనీ వాల్వ్, ఎయిర్ బాక్స్ తిరిగి బిగించి, లీకులు మూసి, రెండు మూడు వందల మైళ్ళు బూస్ట్ లేకుండా నడిపాక ఐఏఎం, నాలుగు అంతస్తుల లెర్నింగ్ విలువలు, ప్లగ్గుల ఫోటో, లీక్‌డౌన్ అంకెలు పంపండి. అవి బాగుంటే డైనో మీద మూడో గేరులో 2,500 నుంచి 6,500 ఆర్పీఎం వరకు ఒక్క పరుగు లాగ్ చేయించండి. అందులో ఆర్పీఎం, మాఫ్ గ్రాములు, మానిఫోల్డ్ పీడనం, వేస్ట్‌గేట్ డ్యూటీ, రెండు రకాల (అప్పటికప్పుడు చేసినవి, నేర్చుకుని దాచినవి) నాక్ సవరణలు, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత తప్పకుండా ఉండాలి. పీడనం హద్దు దాటిన క్షణంలో డ్యూటీ సున్నాకు పడి ఉంటే క్రీప్ అని, ఇంకా పైనే ఉంటే ట్యూన్ తప్పని ఆ ఒక్క లాగ్ చూసి చెప్పవచ్చు.